మూడు వేలలో వస్తున్నాను

విమానాలు నడిపేవాళ్ళకి తలపొగరని లోకంలో ఒక మాట ఉంది. వాళ్ళని కింద కూర్చుని నడిపించేవాళ్ళ పొగరు గురించి మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్ళు ఎవరి కంటా పడరు. కిటికీలు లేని చల్లటి గదిలో, చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని, రాడార్ తెరల ముందు కూర్చుంటారు. ఆకాశమంతా తమ పెరడైనట్టు మాట్లాడతారు. బయట వాన పడుతోందో లేదో మాత్రం టీ తెచ్చినతన్ని అడిగి తెలుసుకుంటారు.

అలాంటి గదిలో ముప్పై ఏళ్ళకి పైగా కూర్చున్న మనిషి పెద్దక్క. ఆమె అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, తనకి తీరిక దొరికేసరికి బాగున్నవాళ్ళందరికీ పిల్లలు పుట్టేశారని చెప్పేది. ఉరుములూ మెరుపుల మధ్య విమానాలన్నీ ఒకేసారి దిగుతామని గోల పెడుతున్నా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత నిదానంగా మాట్లాడేది. ఆ గొంతు వింటే పైలట్లకి సగం భయం తీరిపోయేదట. ఆవిడకి భయం తెలియక కాదు, అందరికంటే ముందు తెలుస్తుంది కాబట్టే ఆ నిదానం. తెర మీద ఒక చుక్క ఇంకో చుక్క వైపు వంకరగా కదిలితే, లెక్క కట్టక ముందే ఆవిడ కుర్చీలో ముందుకి జరిగేది.

చిన్నక్క ఆవిడ శిష్యురాలు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పిల్ల పెద్దక్క వెనకాలే తోకలా తిరుగుతుంటే, ఎవరో వేళాకోళానికి చిన్నక్క అన్నారు, అదే ఖాయమైపోయింది. ఇప్పుడామెకి నలభై దాటాయి. ఇంట్లో అత్తగారూ, బట్టల దుకాణం నడిపే భర్తా, బడికెళ్ళే కూతురూ ఉన్నారు. అయినా ఆ గదిలో కాలు పెడితే చిన్నక్కే. తొలి రోజుల్లో ఆమె వణుకుతూ తెర ముందు కూర్చుంటే, పెద్దక్క వెనక నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉంచేది. ఒక్క మాట చెప్పేది కాదు. ఆ చెయ్యి అక్కడుందన్న ధైర్యంతోనే పని నేర్చుకున్నానని చిన్నక్క ఇప్పటికీ అంటుంది.

విమానాశ్రయానికి పడమర దిక్కున ఒక కొండ ఉంది. పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తు. మరీ గొప్పగా చెప్పుకోవలసిన కొండేం కాదు గానీ, విమానానికి అడ్డం రావడానికి అంత చాలు. దాని అవతల ఉన్న చిన్న పట్నం నుంచి రోజూ ఉదయం చిన్న విమానాలు వస్తాయి. అవి ఎప్పుడూ మూడు వేల మీటర్ల ఎత్తున కొండ దాటుతాయి. కొండ నెత్తి మీద ఇంకా బోలెడంత చోటు మిగిలే ఉంటుంది, ఎవరికీ బెంగ లేదు. మూడు వేలలో వస్తున్నాను అంటాడు పైలట్. అలాగే రండి అంటారు కింద నుంచి. భోంచేశారా అని ఇరుగమ్మ అడిగితే ఆఁ అయిందండీ అని పొరుగమ్మ అన్నట్టు, మాట్లాడిన సంగతి ఇద్దరికీ మరుక్షణంలో గుర్తుండదు.

అంతా సవ్యంగా సాగిపోతుంటే పైవాళ్ళకి తోచదు కదా. ఒకనాడు ఉత్తర్వు వచ్చింది. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి ఎత్తులు మీటర్లలో చెప్పకూడదు, అడుగుల్లో చెప్పాలి.

నిజానికి పైవాళ్ళని తిట్టడం అన్యాయమే. ప్రపంచంలో చాలా దేశాలు నేల మీద మీటర్లతో బతుకుతూ, ఆకాశంలో అడుగులతో ఎగురుతాయి. మీటర్లు పట్టుకు కూర్చున్న దేశాలు కొన్నే మిగిలాయి, వాటిలో ఇదొకటి. సరిహద్దు దాటి వచ్చే ప్రతి విమానానికీ ఎత్తు మార్చి చెప్పడం, అందుకోసం గోడకి ఒక పెద్ద పట్టిక తగిలించుకోవడం, పైలట్లు విసుక్కోవడం, ఇదంతా ఎన్నాళ్ళ నుంచో సాగుతున్న తంతు. ఊరందరిదీ ఒక దారైతే మనది ఇంకో దారి అంటూ ఎన్నాళ్ళుంటాం? కాదనడానికి లేదు. కానీ సగం జీవితం మీటర్లలో చూసిన కళ్ళని పక్కన పెట్టి కొత్త కళ్ళు పెట్టుకోమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

చిన్నక్కని ప్రధాన కార్యాలయానికి పంపి అడుగుల విద్య నేర్పించారు. అక్కడి పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. తిరిగొచ్చేసరికి పరీక్షాధికారి అనే హోదా కూడా తగిలించారు. గదిలో పనిచేసేవాళ్ళందరినీ సిమ్యులేటర్ ముందు, అంటే ఉత్తుత్తి విమానాలు తిరిగే రాడార్ ముందు కూర్చోబెట్టి, ఎవరు పనికొస్తారో ఎవరు పనికిరారో ఆమే తేల్చాలి. తప్పినవాళ్ళు కింది అంతస్తులో కాగితాల పనికి పోవాలి.

అందరికీ ఆమె చెప్పిన పాఠం ఒకటే. "లెక్క కట్టొద్దు. మనసులో మీటర్లు అనుకుని, మూడుంబావుతో హెచ్చవేసి, నోటితో అడుగులు చెప్పొద్దు. లెక్క తప్పుతుందని కాదు. ఒప్పే అయినా భయం రాదు. అంకె చెవిన పడగానే భయం రావాలి."

ఈ భయం సంగతి ఆమెకి పాఠాల్లో దొరకలేదు, ఇంట్లో దొరికింది. తిరిగొచ్చిన వారంలోనే కూతురికి జ్వరం తగిలింది. పాత థర్మామీటరు పగిలిపోతే భర్త కొత్తది తెచ్చాడు. ఆ కొత్తది సెల్సియస్‌లో చూపిస్తుంది. సాయంత్రం చిన్నక్క ఇంటికొచ్చేసరికి పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అత్తగారు పక్కనే కూర్చుని నిమ్మళంగా దుప్పట్లు మడత పెడుతున్నారు. చూశాననీ, ముప్పై తొమ్మిదే ఉందనీ చెప్పారు. అదే నూట రెండు అని చూపించి ఉంటే ఆవిడ ఈపాటికి వీధి వీధంతా ఏకం చేసేవారు. ఆవిడకి లెక్క రాక కాదు. డబ్బా మీద రెండు రకాల అంకెలూ పక్కపక్కనే అచ్చేసి ఉన్నాయి, చదువుకున్నారు కూడా. కానీ ఆవిడ దగ్గర నూట రెండుకి ఉన్న భయం ముప్పై తొమ్మిదికి లేదు.

పిల్లకి నయమైంది. చిన్నక్క ఆ సంగతి గదిలో కథగా చెప్పి అందరినీ నవ్వించింది. మనమందరం మా అత్తగారిలాంటివాళ్ళమే అని కూడా అంది. మనమందరం అన్నదే గానీ, ఆ మనలో తనని కలుపుకోలేదు. మొదటి స్థానం వచ్చిన మనిషి కదా. గురివింద గింజకి తన కింది నలుపు తెలియదని పెద్దలు ఊరికే అనలేదు.

పరీక్షలు మొదలయ్యాయి. పడుచువాళ్ళు తేలిగ్గానే గట్టెక్కారు. వాళ్ళకి మీటర్లతో అంత పాత స్నేహం లేదు. వయసు మళ్ళిన ఇద్దరు తప్పారు. అందులో ఒకాయన చిన్నక్కకి మామయ్య వరసలాంటివాడు, ఆమె కూతురి పుట్టినరోజుకి ఏటా బొమ్మ తెచ్చేవాడు. కళ్ళు తుడుచుకుంటూ కింది అంతస్తుకి వెళ్ళిపోయాడు. చిన్నక్క ఆ రోజు అన్నం సయించక లేచిపోయింది, అయినా చేసిన పని సరైనదేనని తనకి తాను చెప్పుకుంది. చివరికి పెద్దక్క మిగిలింది.

పెద్దక్క విషయంలో చిన్నక్కకి గుండెలో రాయి పడింది. అభ్యాసాలు చేసేటప్పుడు గమనించింది. పెద్దక్క చెప్పే ప్రతి ఎత్తూ సరిగ్గానే ఉంటోంది, కానీ రెప్పపాటు ఆలస్యంగా వస్తోంది. ఆ రెప్పపాటులో ఎడమచేతి చిటికెనవేలు బల్ల మీద కొట్టుకుంటోంది. లెక్క కడుతోంది. ఆవిడ చేతికింద పెరిగిన మనిషికి తప్ప అది ఇంకెవరికీ కనపడదు. నాలుగు విమానాలున్నప్పుడు ఆ ఆలస్యం ఏమీ చెయ్యదు. పద్నాలుగు ఉన్నప్పుడు మనుషుల్ని చంపుతుంది. అలాగని తప్పిస్తే పెద్దక్క ఏమైపోవాలి? ఆవిడకి ఇల్లన్నా వాకిలన్నా పడమటి విమానాల్ని చూసుకునే ఆ పడమటి కుర్చీయే. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషిని కింద కాగితాల మధ్య కూర్చోబెట్టడమంటే, చేపని తీసి గట్టు మీద వెయ్యడమే.

గదికి అధికారి అయిన పెద్దాయన చిన్నక్కని పిలిచి ఏమీ చెప్పకుండానే చాలా చెప్పాడు. సోమవారం ఉదయం పడమటి వైపు ఆవిడా, నువ్వూ ఉంటే నాకు నిద్ర పడుతుంది అన్నాడు. అది పసిగట్టినట్టు పెద్దక్కే వచ్చి తను చెప్పవలసింది చెప్పేసింది. క్యాంటీన్‌లో చిన్నక్క ఎదురుగా టీ కప్పు పెట్టుకుని కూర్చుని, పక్కనెవరూ లేరని చూసుకుని అంది.

"నా మీద జాలి పడ్డావని తెలిసిందో, జన్మలో నీతో మాట్లాడను. అందరికంటే కష్టమైనది ఇవ్వు."

అలా అన్నాక ఇంకేముంది. చిన్నక్క పరీక్షని చేతనైనంత కష్టంగా తయారు చేసింది. ఉత్తరాన మబ్బులు పెట్టింది. ఆ మబ్బుల్ని తప్పించుకుంటూ ఎదురెదురుగా వచ్చే రెండు పెద్ద విమానాలు పెట్టింది. ఇంధనం తక్కువైందని తొందరపడేవాణ్ణి ఒకణ్ణి, చెప్పిన మాట సగం వినేవాణ్ణి ఒకణ్ణి పెట్టింది. ప్రతి చోటా, లెక్క కట్టే మనిషి తడబడేలా ఒక చిక్కుముడి వేసింది. మధ్యలో ఖాళీలుంటే నిజమైన ఉదయంలా అనిపించదని, రోజూ వచ్చే మామూలు విమానాలతో వాటిని నింపింది.

సిమ్యులేటర్ గది సామాన్ల కొట్టు పక్కన ఉంది. అసలు గదిలో ఉన్న తెరలే, అవే కుర్చీలు, అదే చలి. అడ్డగోడ అవతల గొంతుల మాస్టారు కూర్చుంటాడు. ఆయన రిటైరైన పైలట్, ఉద్యోగమంతా పరాయి దేశాల్లో అడుగుల లెక్కనే ఎగిరాడు. పరీక్షలో ఉన్న పైలట్లందరి మాటలూ ఆయనే చదువుతాడు. ఒకడికి బొంగురు గొంతు, ఒకడికి ముక్కుతో మాట, ఒకడికి ఆవులింతలు. రాసిచ్చినదానికి మించి ఒక్క మాట చెప్పకూడదని నియమం. మామూలుగా విమానం కొండకి చేరువైతే యంత్రం గంట మోగిస్తుంది. పరీక్షలో ఆ గంట ఆపేస్తారు. మనిషి కన్ను ఎంతవరకు పనిచేస్తోందో చూడడానికే కదా పరీక్ష.

పెద్దక్క స్వెట్టరు చేతులు సర్దుకుని కూర్చుంది. చిన్నక్క పక్కన కుర్చీలో, ఒళ్ళో కాగితం పెట్టుకుని, సరైన చోట సరి, తప్పైన చోట తప్పు అని గుర్తులు పెట్టడానికి సిద్ధమైంది.

మొదట్లో చిటికెనవేలు బల్ల మీద ఆడుతూనే ఉంది. చిన్నక్క దాని వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది. మబ్బులు దగ్గర పడ్డాయి. ఎదురెదురు విమానాలు రెండూ ఒకేసారి దారి మళ్ళిస్తామన్నాయి. ఇంధనం తక్కువైనవాడు గోల మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు, ఆ ఉక్కిరిబిక్కిరిలో, చిటికెనవేలు ఆగిపోయింది. పెద్దక్క ముందుకి వంగింది. ఒకణ్ణి ఎనిమిది వేలకి దించింది, ఒకణ్ణి పదకొండు వేలలో నిలిపింది, మాట విననివాడి చేత రెండుసార్లు అనిపించింది. ఆలస్యం లేదు. అడుగుల్లో వింటోంది, అడుగుల్లోనే చెబుతోంది. గొంతులో పాత నిదానం తిరిగొచ్చింది. చిన్నక్కకి కళ్ళు చెమర్చాయి. గట్టెక్కింది, ఈవిడ గట్టెక్కేసింది అనుకుని సంబరపడిపోయింది. వరసగా సరి, సరి, సరి అని గుర్తులు పెట్టుకుంటూ పోయింది. పడమర నుంచి ఆవులింతల గొంతు ఒకటి మూడు వేలలో వస్తున్నాను అంది. అలాగే రండి అంది పెద్దక్క. దానికీ ఒక సరి పడింది.

ముగిశాక పెద్దక్క హెడ్‌సెట్ తీసి, చెమట తుడుచుకుని, ఎలా ఉంది అన్నట్టు కళ్ళెగరేసింది. చిన్నక్క నోరు తెరిచేలోపు మాస్టారు గోడ పక్కనుంచి వచ్చాడు. మొహంలో కొంచెం జాలి ఉంది. చాలా బాగా చేశారనీ, ఆ మబ్బుల దగ్గర తనే భయపడ్డాననీ అన్నాడు. ఆ తర్వాత, కానీ ఆ పడమటివాణ్ణి కొండకి గుద్దించేశారు అన్నాడు.

ఏ పడమటివాడు అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. మాస్టారు తెర మీద ఆ ఘట్టం మళ్ళీ వేసి చూపించాడు. కొండ గీత పక్కన దాని ఎత్తు అడుగుల్లో రాసే ఉంది, అయిదు వేల తొమ్మిది వందలు. చుక్క పక్కన మూడు వేలని ఉంది. యంత్రానికి కొండంటే తెర మీద గీతే కాబట్టి, చుక్క ఇటునుంచి దూరి, కొండ నడుము లోంచి నిమ్మళంగా నడిచి, అటునుంచి బయటికి వచ్చింది. మూడు వేల మీటర్లైతే అది కొండకి ఎంతో పైన ఉండేది. మూడు వేల అడుగులంటే కొండలో ఇంచుమించు సగం ఎత్తే. ఈ సంగతి బడిపిల్లలు కూడా చెప్పగలరు.

మాస్టారు చిన్నక్క వైపు తిరిగి మెచ్చుకున్నాడు. తను ఎన్నో పరీక్షలు చూశాడట గానీ ఇలాంటి ఉచ్చు చూడలేదట. హడావిడంతా ఉత్తరాన పెట్టి, పడమర నుంచి రోజూ వచ్చేవాణ్ణి రోజూ చెప్పే మాటతో జారవిడవడం అందరికీ తట్టదట.

పెద్దక్క తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో ఓటమి ఉంది, దాన్ని మించిన గర్వం కూడా ఉంది.

"నా వేలితో నా కన్నే పొడిచావు కదే. భలేదానివి. రాసెయ్, తప్పానని రాసెయ్. మొహమాటపడితే ఊరుకోను."

చిన్నక్క ఉచ్చేమీ వెయ్యలేదు. అది ఖాళీ నింపడానికి రాసిన మామూలు విమానం. ఆ రోజు మీటల మీద తన వేళ్ళు మూడు వేలు అని కొట్టడం ఆమెకి గుర్తొచ్చింది. కొడుతున్నప్పుడు కూతురి బూట్లు కొనాలని ఆలోచిస్తోంది. ఆ అంకె దగ్గర వేళ్ళు తడబడలేదు, మనసు ఉలిక్కిపడలేదు. పరీక్షలో పెద్దక్క అలాగే రండి అన్నప్పుడు తను పక్కనే కూర్చుని విని, సరి అని గుర్తు పెట్టింది. ఆ కాగితం ఒళ్ళోనే ఉంది. ఆమె దాన్ని మెల్లిగా బోర్లా తిప్పింది. అవును అక్కా అన్నట్టు ఏదో గొణిగింది.

అక్కడితో పోలేదు. మాస్టారు నడవాలో కనపడిన పెద్దాయనకి చెప్పాడు. పెద్దాయన పెద్దక్క కోసం బాధపడ్డాడు గానీ, ఉచ్చు మాత్రం అద్భుతమన్నాడు. ప్రధాన కార్యాలయానికి పంపుదాం, అన్ని గదుల్లోనూ వాడుకుంటారు, నీ పేరు పెట్టి పంపుతాను అన్నాడు. చిన్నక్క నోటి వెంట ఒక్క అబద్ధమూ రాలేదు. ఊరుకుంది, అంతే. ఊరుకుంటే చాలు, మిగతాదంతా లోకమే అల్లి పెడుతుంది. గంట తిరక్కుండానే ఏకు మేకై కూర్చుంది.

చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. నిజం చెబితే తన హోదా పోతుంది, కుర్చీ పోతుంది. తను గట్టెక్కించినవాళ్ళందరినీ మళ్ళీ అనుమానంగా చూస్తారు. అంతకంటే పెద్దది ఇంకోటుంది. కళ్ళు తుడుచుకుంటూ కింది అంతస్తుకి వెళ్ళిన ఆ పెద్దమనిషి మొహం ఎలా చూడాలి? నువ్వెవరివమ్మా నన్ను తప్పించడానికి అంటే ఏం చెప్పాలి? చెప్పకపోతే ఇవేవీ జరగవు. సోమవారం తెల్లవారుతుంది. తను వెళ్ళి పడమటి కుర్చీలో కూర్చుంటుంది. కొండ అవతల నుంచి విమానాలు వస్తాయి. అద్దంలో తన మొహం చూసుకుంటే ఆమెకి అసహ్యం వేసింది. తర్వాత భయం వేసింది. ఆ రెంటిలో భయమే ఆమెని కదిలించింది.

పెద్దక్క సామాన్లు పెట్టుకునే గదిలో తన అర ఖాళీ చేస్తోంది. గది చలికి ఉంచుకున్న మేజోళ్ళు, కళ్ళజోడు పెట్టె, దగ్గు బిళ్ళల డబ్బా, ఇన్నేళ్ళ ఉద్యోగానికి అంతే ఆస్తి. చిన్నక్క తలుపు దగ్గరే నిలబడి చెప్పేసింది.

"అక్కా, అది ఉచ్చు కాదు. రోజూ వచ్చేవాడే కదా అని రాశాను. మూడు వేలు అని రాస్తుంటే నాకేమీ అనిపించలేదు. మీరు అలాగే రండి అన్నప్పుడు నేను సరి అని పెట్టాను. ఇదిగో చూడండి."

పెద్దక్క కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చింది. ఇది మాస్టారికి తెలుసా, పెద్దాయనకి తెలుసా అని అడిగింది. తెలియదని చిన్నక్క తలూపింది.

"అయితే చించి పారెయ్. నేనెలాగూ పోయేదాన్నే, ఇవాళ కాకపోతే రెండేళ్ళకి. నువ్వుండాలి. ఇప్పుడు తెలిసొచ్చిందిగా, ఇక జన్మలో ఈ తప్పు చెయ్యవు."

ఆ మాటలో ఉన్న ప్రేమకి చిన్నక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ మాట వినేద్దామనే అనిపించింది.

"ఈ తప్పు చెయ్యను. నాకు తెలియని తప్పు ఇంకోటి ఎక్కడుందో? నేను మొదటి స్థానం తెచ్చుకున్న పరీక్షలో ఈ కొండ లేదక్కా. అందులో పెట్టిన ఊరి కొండలంటే నాకు భయమే. ఈ కొండంటేనే లేదు, ఎందుకంటే దీని పక్కన ఇరవై ఏళ్ళు హాయిగా బతికాను."

పెద్దక్క బల్ల మీద కూలబడింది. ఈసారి ఆవిడ గొంతు చిన్నక్కకి కొత్తగా వినిపించింది.

"మాస్టారు గనక చూసి ఉండకపోతే, నేను గట్టెక్కానని ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం. సోమవారం వచ్చి కూర్చునేవాళ్ళం."

ఉచ్చులో పడ్డాననుకున్నప్పుడు పెద్దక్క నవ్వగలిగింది. అది పరీక్ష, అందులో ఓడినవాళ్ళు ఇంటికి పోతారు. ఇప్పుడు ఆవిడకి ఆ విమానంలో మనుషులు కనపడుతున్నారు. వాళ్ళని కొండలోకి రమ్మని తను పిలిచింది, ఇంకో మనిషి పక్కనే కూర్చుని సరే అంది, ఇద్దరిలో ఒక్కరికీ ఒళ్ళు జలదరించలేదు. చిన్నక్క పక్కన కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. కాసేపటికి పెద్దక్కే లేచి, పద అంది.

మెట్లెక్కుతూ ఉంటే చిన్నక్కకి ఇంకో సంగతి తట్టింది. పరీక్ష ఏదైనా పెద్దాయన చదివి సంతకం పెడితేనే సిమ్యులేటర్‌లోకి ఎక్కుతుంది. ఈ పరీక్షా అలాగే ఎక్కింది. ఆయన పైకి అధికారే గానీ, మనుషులు తక్కువైన రోజున ఇప్పటికీ వచ్చి పడమటి కుర్చీలో కూర్చుంటాడు. ఆ ఆలోచనని ఆమె పెద్దక్కతో పంచుకోలేదు.

పెద్దాయన ఇద్దరినీ చూసి కూర్చోమన్నాడు. వాళ్ళు కూర్చోలేదు. చిన్నక్క చెప్పడం మొదలుపెట్టి మధ్యలో నీళ్ళు నమిలితే, మిగతాది పెద్దక్క అందుకుని తన మామూలు గొంతుతో చెప్పింది. ఉచ్చు కాదంటే ఆయనకి మొదట అర్థం కాలేదు. మరి మూడు వేలని ఎందుకు రాశావు అని చిన్నక్కని అడిగాడు. అడుగుతూనే బల్ల మీది కాగితాల దొంతరలోంచి ఆ పరీక్ష కాగితాలు లాగాడు. ప్రతి విమానం పక్కనా పెన్సిలుతో ఒక చుక్క పెట్టి ఉంది. ఆయన చదివిన ప్రతి వరసకీ పెట్టుకునే చుక్క అది. మబ్బుల విమానాల దగ్గర రెండు ప్రశ్నలు రాసుకున్నాడు, ఇంధనం దగ్గర ఒక అంకె దిద్దాడు. పడమటివాడి దగ్గర ఒట్టి చుక్క ఉంది. కింద సంతకం ఉంది.

ఆయన కళ్ళజోడు తీసేసి కళ్ళు నులుముకున్నాడు. నేనూ చదివాను అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. కొండ మీద తమకున్నది నమ్మకమనుకున్నారు ఇన్నాళ్ళూ. అది అలవాటని ఆ నిమిషంలో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

తర్వాత ఆయన ఫోనెత్తి ప్రధాన కార్యాలయాన్ని పిలిచాడు. తమ గదిలో అందరినీ బయటివాళ్ళు వచ్చి మళ్ళీ పరీక్షించాలనీ, అందాకా పడమటి కుర్చీలో తమ మనుషులెవరినీ కూర్చోబెట్టననీ, కావాలంటే సోమవారానికి వేరే చోటినుంచి మనుషుల్ని పంపుకోమనీ చెప్పాడు. అవతలి మనిషికి చిర్రెత్తింది. దేశమంతా ఒక్కరోజున మారుతుంటే ఒక్క గది కోసం ఇదంతా ఏమిటని అతను అరవడం బల్ల ఇవతలకి కూడా వినిపించింది. ఒకరిద్దరు తప్పితే వాళ్ళని పక్కన పెట్టి పని కానివ్వండి, తప్పినవాళ్ళ పేర్లు చెప్పండి, రాసుకుంటాను అన్నాడు.

పెద్దాయన తలెత్తి ఎదురుగా నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. రాసుకోండి అన్నాడు. ముందు తన పేరు చెప్పాడు, తర్వాత పెద్దక్క పేరు, ఆ తర్వాత చిన్నక్క పేరు.